బియాట్రిక్స్ పాటర్

బియాట్రిక్స్ పాటర్ (జూలై 28, 1866 - డిసెంబరు 22, 1943) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ బాలసాహిత్య రచయిత్రి, చిత్రకారిణి, ప్రకృతి పరిశీలకురాలు, రైతు. ఈమె పూర్తిపేరు హెలెన్ బియాట్రిక్స్ పాటర్. నీలిరంగు కోటు తొడుక్కున్న పీటర్ రాబిట్ అనే కుందేలుపిల్ల ఈమె సృష్టే. 1902లో వెలువడిన పీటర్ రాబిట్ కథ అనేక భాషలలోకి అనువదింపబడి ప్రపంచవ్యాప్తంగా పిల్లల ఆదరణ పొందింది. లండను నగరంలో సంపన్న కుటుంబంలో పుట్టి పెరిగిన ఈమె, 39 ఏళ్ళ వయసులో ఇంగ్లాండు వాయవ్య భాగంలోని లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల సీమలో హిల్ టాప్ అనే చిన్న వ్యవసాయ క్షేత్రాన్ని కొని, క్రమంగా అక్కడే స్థిరపడింది. ఆ పల్లె ఆమెకు కథలను ఇచ్చింది. ఆ కథల వలన వచ్చిన సొమ్ముతో ఆమె ఆ సీమలోని పొలాలను, కొండలను, గొర్రెల మందలను కాపాడింది. మరణానంతరం 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థకు చెందేటట్లు వీలునామా వ్రాసింది.

బాల్యం

బియాట్రిక్స్ 1866 జూలై 28న లండనులోని కెన్సింగ్టన్ ప్రాంతంలో, బోల్టన్ గార్డెన్స్ వీధిలో ఉన్న స్వగృహంలో జన్మించింది. తండ్రి రూపర్ట్ పాటర్ బారిస్టరు పరీక్ష ఉత్తీర్ణుడు. ఆయనకు ఛాయాచిత్రకళపై మిక్కిలి ఆసక్తి. ప్రసిద్ధ చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిల్లే ఆయన మిత్రుడు. తల్లి పేరు హెలెన్ లీచ్. తల్లిదండ్రుల కుటుంబాలు రెండూ ఇంగ్లాండు ఉత్తర భాగంలో నూలు వ్యాపారం వలన ధనాన్ని ఆర్జించినవే. వీరు యూనిటేరియన్ అనే క్రైస్తవ శాఖను అనుసరించేవారు. బియాట్రిక్స్ తరువాత 1872లో తమ్ముడు వాల్టర్ బెర్ట్రమ్ జన్మించాడు.

ఆనాటి ధనిక కుటుంబాల ఆచారం ప్రకారం ఆడపిల్లను బడికి పంపలేదు. ఇంటివద్దనే ఉపాధ్యాయినులు చదువు చెప్పేవారు. తన ఈడు పిల్లల సాంగత్యం లేకపోవడం చేత బియాట్రిక్స్‌కు తమ్ముడు, పెంపుడు జంతువులే స్నేహితులు. మేడమీది చదువుల గదిలో వారిద్దరూ కుందేళ్ళను, ఎలుకలను, కప్పలను, బల్లులను, గబ్బిలాలను పెంచారు. హెడ్జ్‌హాగ్ అనే ముళ్ళజీవిని కూడా పెంచారు. వాటి నడకను, కూర్చునే తీరును, నిద్రించే భంగిమను ఆమె గంటల తరబడి గమనిస్తూ బొమ్మలు గీసేది. చనిపోయిన జంతువుల ఎముకల గూళ్ళను వేరుచేసి, వాటి అమరికను పరిశీలించి చిత్రించేవారు. ఆమె కథలలోని జంతువులు మనుషుల దుస్తులు ధరించి మాట్లాడినా, వాటి శరీర నిర్మాణంలో పొరపాటు కనబడకపోవడానికి ఈ పరిశీలనే కారణం.

కుటుంబమంతా ప్రతి వేసవిలోను కొన్ని నెలలపాటు లండను విడిచి పల్లెప్రాంతాలకు వెళ్ళేది. 1871 నుండి 1881 వరకు స్కాట్లండులోని పెర్త్‌షైర్‌లో డాల్‌గైజ్ అనే గ్రామంలో గడిపారు. 1882లో మొదటిసారిగా సరస్సుల సీమకు వచ్చి, విండర్‌మియర్ సరస్సు తీరంలోని రే కాజిల్ అనే భవనంలో బస చేశారు. ఆ సమయంలో స్థానిక చర్చి మతాధికారి హార్డ్‌విక్ రాన్స్‌లీతో పరిచయమైంది. ఆ ప్రాంతపు సౌందర్యం పరిశ్రమల పాలు కాకుండా కాపాడాలని ఆయన పట్టుదల. 1895లో నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించిన ముగ్గురిలో ఆయన ఒకడు. పదహారేళ్ళ బియాట్రిక్స్‌పై ఆయన భావాల ప్రభావం బలంగా పడింది. ఆ తరువాత 1896లో ఈ కుటుంబం నియర్ సారే అనే చిన్న గ్రామంలో వేసవి గడిపింది. ఎస్త్‌వెయిట్ అనే సరస్సు ప్రక్కన ఉన్న ఆ గ్రామం ఆమె మనసును ఆకట్టుకొంది.

రహస్య దినచర్య

సుమారు పదిహేనేళ్ళ వయసు నుండి ముప్ఫై ఏళ్ళ వయసు వరకు బియాట్రిక్స్ ఒక దినచర్యను వ్రాసింది. ఇతరులెవ్వరూ చదవకుండా అక్షరాలకు బదులు తాను కల్పించుకొన్న గుర్తులను వాడింది. ఆమె మరణించిన తరువాత ఈ కాగితాలు బయటపడినా, చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. లెస్లీ లిండర్ అనే అభిమాని ఎన్నో ఏళ్ళు శ్రమించి 1958లో ఈ లిపి రహస్యాన్ని ఛేదించాడు. దినచర్య 1966లో, ఆమె శతజయంతి సంవత్సరంలో, పుస్తకంగా వెలువడింది. అప్పటి కళాప్రదర్శనలు, రాజకీయాలు, బంధువుల ముచ్చట్లు, పెంపుడు జంతువుల సంగతులు ఇందులో కనిపిస్తాయి. ఇంటి నిబంధనల మధ్య ఒంటరిగా పెరిగిన ఒక తెలివైన యువతి మనసు ఎలా ఎదిగిందో తెలుసుకోవడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

శిలీంధ్రాల పరిశోధన

బియాట్రిక్స్‌కు వృక్షశాస్త్రంలో, ముఖ్యంగా పుట్టగొడుగులు మొదలైన శిలీంధ్రాలపై గాఢమైన ఆసక్తి ఉండేది. స్కాట్లండులో తపాలా బట్వాడా చేస్తూ ప్రకృతి పరిశీలనలో పేరుపొందిన చార్లెస్ మెకింతోష్ ఈమెకు సలహాలిచ్చేవాడు. ఆయన పంపిన నమూనాలను సూక్ష్మదర్శినిలో చూసి, ఆమె వందలాది వర్ణచిత్రాలను గీసింది. శిలీంధ్రాల సిద్ధబీజాలు మొలకెత్తే విధానాన్ని ఇంటి వంటగదిలోనే ప్రయోగాలు చేసి గమనించింది.

ఈమె మేనమామ వరుసైన సర్ హెన్రీ రాస్కో ప్రముఖ రసాయన శాస్త్రవేత్త. ఆయన ప్రోత్సాహంతో క్యూ ఉద్యానవనంలోని శాస్త్రజ్ఞులను కలిసింది గాని, అక్కడి సంచాలకుడు ఈమె కృషిని ఆదరించలేదు. ఈమె వ్రాసిన పరిశోధనా పత్రాన్ని 1897 ఏప్రిల్ 1న లండనులోని లిన్నేయన్ సొసైటీలో జార్జ్ మాసీ అనే శాస్త్రవేత్త సమర్పించాడు. స్త్రీలకు అప్పట్లో ఆ సంస్థలో సభ్యత్వం గాని, సమావేశాలకు హాజరయ్యే వీలు గాని లేదు. అందుచేత తన పత్రం చదివిన సభలో ఆమె లేదు. తరువాత ఆమె ఆ పత్రాన్ని ఉపసంహరించుకొంది. నూరేళ్ళ పిమ్మట, 1997లో, ఆ సంస్థ ఈమెపట్ల జరిగిన వివక్షకు విచారం ప్రకటించింది. ఈమె గీసిన శిలీంధ్ర చిత్రాలు కొన్ని 1967లో వెలువడిన ఒక శాస్త్రగ్రంథంలో ముద్రితమయ్యాయి. చిత్రాలలో అధికభాగం ఆంబుల్‌సైడ్ పట్టణంలోని ఆర్మిట్ సంగ్రహాలయానికి చేరాయి.

రచయిత్రిగా

1890లో బియాట్రిక్స్ తన కుందేలు బొమ్మలను శుభాకాంక్షల కార్డుల కోసం ఒక ముద్రణ సంస్థకు అమ్మింది. సొంత సంపాదన ఆమెకు అదే మొదలు. 1893 సెప్టెంబరు 4న, తన పూర్వ ఉపాధ్యాయిని కుమారుడు ఐదేళ్ళ నోయెల్ మూర్ జబ్బుపడి మంచాన ఉండగా, అతనిని సంతోషపెట్టడానికి బొమ్మలతో ఒక ఉత్తరం వ్రాసింది. తల్లిమాట వినక, ముసలి తోటమాలి పెరటిలో దూరి, ప్రాణాలు దక్కించుకొని ఇంటికి చేరిన కుందేలుపిల్ల కథ అందులో ఉంది.

కొన్నేళ్ళ తరువాత ఆ ఉత్తరాన్ని తిరిగి తెప్పించుకొని, కథను పెంచి పుస్తకంగా తయారుచేసింది. పలువురు ప్రచురణకర్తలు దానిని తిరస్కరించారు. పసిపిల్లల చేతిలో ఇమిడేటంత చిన్నదిగా, తక్కువ ధరకు దొరికేదిగా పుస్తకం ఉండాలని ఆమె పట్టుబట్టింది. చివరకు 1901 డిసెంబరులో తన సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించింది. ఫ్రెడరిక్ వార్న్ సంస్థ, బొమ్మలకు రంగులు వేయాలన్న షరతుతో, 1902 అక్టోబరులో దానిని ప్రచురించింది. తొలి ముద్రణ 8,000 ప్రతులు. దానికి విశేషాదరణ లభించింది.

1903లో ఆమె పీటర్ రాబిట్ గుడ్డబొమ్మను తానే రూపొందించి దానికి పేటెంటు హక్కు పొందింది. కథలోని పాత్రను బొమ్మగా, ఆట వస్తువుగా చేసి హక్కులు నిలుపుకోవడంలో ఈమె తొలితరానికి చెందుతుంది. అయితే అమెరికాలో పుస్తకం కాపీరైటును ప్రచురణకర్తలు నమోదు చేయించకపోవడం వలన అక్కడ దొంగముద్రణలు వచ్చి, ఆమెకు రావలసిన ఆదాయానికి నష్టం కలిగింది.

నార్మన్ వార్న్

ప్రచురణ సంస్థ యజమానులైన సోదరులలో చిన్నవాడు నార్మన్ వార్న్. పుస్తకాల తయారీ విషయమై ఇతనికీ బియాట్రిక్స్‌కూ తరచుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిగేవి. ఆ పరిచయం అనురాగంగా మారింది. 1905 జూలై 25న అతడు ఆమెను వివాహమాడగోరగా, ఆమె అంగీకరించింది. వార్న్ కుటుంబం వ్యాపారం చేసుకొనేవారు కావడం చేత, తమ అంతస్తుకు తగరని తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. వారి పూర్వులు సైతం వ్యాపారం వలననే ధనికులైనారన్న సంగతి వారికి అడ్డురాలేదు. బియాట్రిక్స్ తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. కాని నిశ్చయమై నెలరోజులు గడిచేసరికే, 1905 ఆగస్టు 25న, నార్మన్ రక్తసంబంధమైన వ్యాధితో 37వ ఏట మరణించాడు. పెళ్ళి సంగతిని తల్లిదండ్రులు బయటికి పొక్కనీయనందున, ఆమె తన దుఃఖాన్ని కూడా బాహాటంగా వెల్లడించుకోలేని పరిస్థితి ఏర్పడింది.

హిల్ టాప్

నియర్ సారే గ్రామంలోని హిల్ టాప్ క్షేత్రాన్ని కొనాలన్న ఆలోచన నార్మన్ మరణానికి ముందే మొదలైంది. అతని మరణం తరువాత ఆమె దానిని విరమించుకోలేదు. పుస్తకాల ఆదాయం, ఒక బంధువు వలన సంక్రమించిన కొద్దిపాటి సొమ్ము కలిపి, 1905 నవంబరులో కొనుగోలు పూర్తిచేసింది. క్షేత్రం విస్తీర్ణం 34 ఎకరాలు. ఇల్లు పదిహేడవ శతాబ్దం నాటిది.

అయితే ఆమె వెంటనే అక్కడికి తరలిపోలేదు. అవివాహితయైన కూతురు ముసలి తల్లిదండ్రుల వద్ద ఉండి ఇల్లు చూసుకోవాలని ఆనాటి కట్టుబాటు. అందుచేత ఆమె లండనులోనే ఉంటూ, వీలు దొరికినప్పుడల్లా కొద్దిరోజులు వచ్చిపోయేది. క్షేత్రంలో అంతకుముందు నుండి పని చేస్తున్న జాన్ కానన్‌ను మేనేజరుగా కొనసాగించింది. 1906లో ఇంటికి కొత్తభాగం కట్టించి దానిని అతని కుటుంబానికి ఇచ్చి, పాతభాగాన్ని తనకు ఉంచుకొంది. ఆవులు, పందులు, కోళ్ళు, బాతులు, గొర్రెల పోషణను దగ్గరుండి నేర్చుకొంది. ఊరివారు ఇచ్చిన మొక్కలతో ఇంటి ముందు తోట పెంచింది.

హిల్ టాప్ కొన్న తరువాత, 1906 నుండి 1913 వరకు గల ఎనిమిదేళ్ళలో ఆమె 12 కథల పుస్తకాలను ప్రచురించింది. ఆమె రచనా జీవితంలో ఇదే మిక్కిలి ఫలవంతమైన కాలం. ఈ కథలలో చాలావాటికి ఆ ఊరే రంగస్థలం.

టామ్ కిటెన్ కథలో (1907) పిల్లిపిల్లలు తిరిగే తోట, బాట హిల్ టాప్‌వే.

జెమీమా పడల్-డక్ కథ (1908) అదే దొడ్డిలోని ఒక బాతు కథ. తన గుడ్లను తానే పొదగాలనుకొన్న అమాయకపు బాతు ఒక నక్క మాటలకు లోబడుతుంది. ఆమెను కాపాడిన కెప్ అనే కుక్క రచయిత్రి పెంచుకొన్న కాలీ జాతి కుక్కే. జాన్ కానన్ భార్య కూడా ఈ పుస్తకంలోని బొమ్మలలో కనిపిస్తుంది.

సామ్యూల్ విస్కర్స్ కథ (1908) ఎలుకల కథ. కొనేనాటికి హిల్ టాప్ ఇంటినిండా ఎలుకల బెడద ఉండేది. ఆ ఇంటి మెట్లు, వంటగది, పొగగూడు ఈ పుస్తకంలో యథాతథంగా చిత్రింపబడ్డాయి.

జింజర్ అండ్ పికిల్స్ కథలోనిది (1909) ఆ ఊరి కిరాణా దుకాణం. అడిగినవారందరికీ అరువిచ్చి దివాలా తీసిన పిల్లి, కుక్కల కథ ఇది.

ఈ కథలలో పల్లె అందం ఉన్నదే గాని, మొహమాటం లేదు. పీటర్ తండ్రి తోటమాలి ఇంట వంటకమైపోయాడన్న సంగతి మొదటి పుస్తకం ఆరంభంలోనే తెలుస్తుంది. జెమీమా గుడ్లు నక్కనుండి తప్పించుకొన్నా, చివరకు కుక్కపిల్లల పాలవుతాయి. ఆమె పెంచిన పందులు, గొర్రెలు సంతలో అమ్మకానికి పోయేవే. జంతువులను ప్రేమించడం, వాటిపై ఆధారపడి జీవించడం అనే రెండింటినీ కలిపి చూడగలగడం పల్లె ఆమెకు నేర్పిన పాఠం. ఆమె పుస్తకాలు తియ్యటి మాటల కథలుగా మిగిలిపోక, ఇన్ని తరాల పిల్లలను ఆకర్షించడానికి ఇది ఒక కారణంగా భావింపవచ్చు.

వివాహం

1909లో హిల్ టాప్‌కు ఎదురుగా ఉన్న కాజిల్ ఫార్మ్ అనే క్షేత్రాన్ని కూడా ఆమె కొన్నది. భూముల కొనుగోలు వ్యవహారాలలో హాక్స్‌హెడ్ అనే సమీప పట్టణంలోని న్యాయవాది విలియమ్ హీలిస్ ఆమెకు సహాయపడేవాడు. ఎల్లలు, నీటి హక్కులు, దారి హక్కులు అతనికి క్షుణ్ణంగా తెలుసు. 1912లో అతడు వివాహ ప్రస్తావన చేశాడు. పల్లెటూరి వకీలుకు పిల్లనిచ్చేది లేదని తల్లిదండ్రులు ఈసారి కూడా వ్యతిరేకించారు. బియాట్రిక్స్ వారిని ఒప్పించి, 1913 అక్టోబరు 15న లండనులో విలియమ్‌ను వివాహమాడింది. అప్పటికి ఆమె వయసు 47 ఏళ్ళు.

దంపతులు కాజిల్ ఫార్మ్‌లోని ఇంటిలో కాపురం పెట్టారు. హిల్ టాప్ ఇంటిని ఆమె తన రచనకు, చిత్రలేఖనానికి, ఏకాంతానికి ఉంచుకొంది. ఇక ఊరివారికి ఆమె శ్రీమతి హీలిస్ మాత్రమే. స్థానికపు ఉన్నితో నేసిన ముతక దుస్తులు, చెక్క అడుగుల చెప్పులు ధరించి పొలంపనులకు తిరిగేది. 1914లో తండ్రి మరణించాడు. తల్లి విండర్‌మియర్ ప్రాంతానికి వచ్చి, 1932లో 93వ ఏట మరణించేవరకు అక్కడే నివసించింది. తమ్ముడు బెర్ట్రమ్ 1918లో కన్నుమూశాడు.

వివాహానంతరం రచనలు తగ్గాయి. చూపు మందగించడం, వ్యవసాయపు పనులు పెరగడం ఇందుకు కారణాలు. 1917లో వార్న్ సంస్థ అధిపతి హెరాల్డ్ వార్న్ ఫోర్జరీ నేరంపై అరెస్టు కావడంతో ఆ సంస్థ చిక్కులలో పడింది. దానిని నిలబెట్టడానికి ఆమె పాత బొమ్మలను కూర్చి కొత్త పుస్తకాన్ని ఇచ్చింది. 1918లో జానీ టౌన్-మౌస్ కథను ప్రచురించింది. పట్నపు ఎలుక, పల్లెటూరి ఎలుకల పాతకథను హాక్స్‌హెడ్, సారేలకు అన్వయించిన ఈ పుస్తకంలో, ఆమె మొగ్గు పల్లెవైపే అని స్పష్టమవుతుంది.

హెర్డ్‌విక్ గొర్రెలు, కొండ సేద్యం

సరస్సుల సీమలోని కొండలపై పెరిగే దేశవాళీ గొర్రెల జాతిని హెర్డ్‌విక్ అంటారు. ఈ జాతి గొర్రెపిల్లలు పుట్టినపుడు నల్లగా ఉండి, పెరిగేకొద్దీ బూడిదరంగుకు మారుతాయి. ఉన్ని ముతకది. కాని తీవ్రమైన చలిని, గాలివానలను తట్టుకొని బ్రతకగల శక్తి వీటికి ఉంది.

ఈ గొర్రెల మరొక లక్షణం, పుట్టిపెరిగిన కొండభాగాన్ని విడిచిపోకపోవడం. కంచెలు లేని ఎత్తైన కొండలపై ఏ మంద మేత దానికి వేరుగా ఉంటుంది. తల్లివెంట తిరుగుతూ పిల్ల ఆ ఎల్లలను నేర్చుకొంటుంది. ఆ పిల్ల పెద్దదై తన పిల్లలకు నేర్పుతుంది. ఒకసారి మందను అమ్మివేస్తే, కొత్త గొర్రెలకు ఆ కొండ అలవాటు చేయడం మిక్కిలి కష్టం. అందుచేత అక్కడ మందను భూమితో పాటుగా ఉంచే ఏర్పాటు ఉంది. కౌలుదారు వచ్చినపుడు భూస్వామి మందను అప్పగిస్తాడు. కౌలుదారు వెళ్ళేటపుడు అదే సంఖ్యలో, అదే నాణ్యత గల గొర్రెలను తిరిగి అప్పగించి వెళ్ళాలి.

బియాట్రిక్స్ కాలానికి ఈ పద్ధతి ప్రమాదంలో పడింది. కొండ క్షేత్రాలు గిట్టుబాటు కాక అమ్మకానికి వస్తుండేవి. విహారగృహాలు కట్టదలచినవారు వాటిపై కన్నువేశారు. కొండలు, సరస్సులు అందంగా కనబడటానికి వాటి వెనుక రాతిగోడలు కట్టి, మందలు మేపి, పచ్చికను నిలిపే రైతులు ఉండాలని ఆమె గ్రహించింది. సేద్యం ఆగిపోతే ఆ ప్రకృతి దృశ్యం కూడా నిలువదు. అందువలన దృశ్యాలను కాక, పనిచేసే క్షేత్రాలను కొనడం ఆమె ధ్యేయమైంది.

1923లో ట్రౌట్‌బెక్ పార్క్ అనే దాదాపు 2,000 ఎకరాల పెద్ద కొండ క్షేత్రాన్ని ఆమె కొనుగోలు చేసింది. అక్కడి గొర్రెలు కార్జపు జలగల వ్యాధితో క్షీణించి ఉన్నాయి. ఆమె అప్పటి నూతన చికిత్సలను వాడించి, నేల తడిని తగ్గించే పనులు చేయించి, మందను కోలుకొనేటట్లు చేసింది. టామ్ స్టోరీ అనే నేర్పరియైన గొర్రెల కాపరిని పనిలో పెట్టుకొంది. అతని సాయంతో పెంచిన హెర్డ్‌విక్ గొర్రెలు 1930లలో స్థానిక ప్రదర్శనలలో అనేక బహుమతులు గెలుచుకొన్నాయి. 1916లో ఏర్పడిన హెర్డ్‌విక్ గొర్రెల పెంపకందారుల సంఘానికి 1943లో ఆమెను రాబోయే సంవత్సరపు అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నారు. ఆ పదవికి ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. కాని బాధ్యతలు స్వీకరించకముందే ఆమె మరణించింది.

భూముల పరిరక్షణ

విండర్‌మియర్ సరస్సు వద్ద నీటివిమానాల రాకపోకలు, వాటి కర్మాగారం ప్రతిపాదన వచ్చినపుడు 1911-12 సంవత్సరాలలో ఆమె పత్రికలకు లేఖలు వ్రాసి, సంతకాలు సేకరించి వ్యతిరేకించింది. 1927లో సరస్సు ఒడ్డునున్న కాక్‌షాట్ పాయింట్ అనే స్థలాన్ని ఇళ్ళకట్టడాల నుండి కాపాడటానికి, తన బొమ్మలను తిరిగి గీసి సంతకం చేసి అమెరికాలోని పాఠకులకు విక్రయించి విరాళం సమకూర్చింది.

1930లో మంక్ కానిస్టన్ అనే 4,000 ఎకరాలకు పైబడిన ఎస్టేటు అమ్మకానికి వచ్చింది. ప్రసిద్ధమైన టార్న్ హౌస్ సరస్సు ఇందులోనిదే. ఇది ముక్కలై పలువురి చేతులలో పడకుండా, నేషనల్ ట్రస్ట్ వద్ద అప్పటికి తగిన నిధులు లేకపోయినా, బియాట్రిక్స్ మొత్తాన్ని తానే కొన్నది. ట్రస్ట్ చందాలు పోగుచేసుకొన్న తరువాత, సుమారు సగభాగాన్ని కొన్న ధరకే దానికి ఇచ్చివేసింది. కొన్నేళ్ళపాటు ట్రస్ట్ భాగాన్ని కూడా ఆమెయే నిర్వహించింది. కౌలు వసూలు చేయడం, ఇంటి కప్పులు బాగుచేయించడం, గోడలు కట్టించడం, చెట్లు నాటించడం వంటివన్నీ స్వయంగా చూసుకొంది.

ఆమె నిక్కచ్చి యజమానురాలు. 1936-37లో ఈ బాధ్యతను ట్రస్ట్ ఉద్యోగి బ్రూస్ థామ్సన్‌కు అప్పగించిన పిమ్మట, అతనికి సేద్యం అనుభవం లేదని, చెట్ల విషయంలో, భూముల విషయంలో సరైన అంచనా లేదని ఆమె ట్రస్ట్‌కు అసంతృప్తిని తెలియజేస్తూ వచ్చింది. మరొకవైపు, ఊరివారి అవసరాలకు ఆదుకొనేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆ ప్రాంతపు గ్రామాలకు ఒక నర్సును నియమించే నిధి ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించింది. గైడు బాలికలు తన పొలాలలో గుడారాలు వేసుకోవడానికి అనుమతించేది.

మరణం, వీలునామా

రెండవ ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1943 డిసెంబరు 22న, బియాట్రిక్స్ నియర్ సారేలోని తన ఇంటిలో 77వ ఏట మరణించింది. ఆమె కోరిక ప్రకారం చితాభస్మాన్ని టామ్ స్టోరీ ఆ ఊరి పరిసరాలలో చల్లాడు. ఆ చోటు ఎవరికీ తెలియనీయలేదు. భర్త విలియమ్ 1945 ఆగస్టులో మరణించాడు.

ఆమె ఆస్తి 4,000 ఎకరాలకు పైగా భూమి, సుమారు 15 క్షేత్రాలు, అనేక ఇళ్ళు, పశువులు, గొర్రెల మందలతో సహా నేషనల్ ట్రస్ట్‌కు సంక్రమించింది. తన కొండ క్షేత్రాలలోని మందలు శుద్ధమైన హెర్డ్‌విక్ జాతిగానే కొనసాగాలని ఆమె వీలునామాలో షరతు పెట్టింది. భూమిని మాత్రమే కాక, ఆ భూమిపై సాగే జీవన విధానాన్ని కూడా అప్పగించడం ఈ వీలునామాలోని విశేషం.

ఆనాటి తరువాత ఆ ప్రాంతం 1951లో జాతీయ ఉద్యానవనంగా, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపబడింది. 2001లో గాలికుంటు వ్యాధి ప్రబలినపుడు హెర్డ్‌విక్ మందలకు పెద్ద దెబ్బ తగిలింది. అయినా ఆ జాతి అంతరించలేదు.

విశేషాలు

* హిల్ టాప్ ఇంటిని 1946లో ప్రజల సందర్శనార్థం తెరిచారు. ఆమె కోరిక మేరకు గదులు, సామాను ఆమె ఉంచినట్లే ఉంచారు. పుస్తకాలలోని బొమ్మలను చేతబట్టుకొని, ఆ మెట్లను, పొగగూటిని పోల్చి చూసుకోవచ్చు.
* ఈమె కాలంలో నియర్ సారే లాంకషైర్ కౌంటీలో ఉండేది. 1974 నుండి కంబ్రియా కౌంటీలో చేరింది.
* విలియమ్ హీలిస్ కార్యాలయ భవనాన్ని 1988లో ఈమె చిత్రాల ప్రదర్శనశాలగా మార్చారు.
* నేషనల్ ట్రస్ట్ 2005లో స్విండన్ పట్టణంలో నిర్మించుకొన్న ప్రధాన కార్యాలయానికి ఈమె గృహనామమైన హీలిస్ పేరునే పెట్టారు.
* ఈమె జీవితకథ ఆధారంగా 2006లో మిస్ పాటర్ అనే ఆంగ్ల చలనచిత్రం విడుదలైంది. రెనీ జెల్వెగర్ ప్రధానపాత్ర ధరించింది.
* 1914లో వ్రాసి అసంపూర్తిగా వదిలిన కిటీ-ఇన్-బూట్స్ కథ 2016లో, ఆమె 150వ జయంతి సంవత్సరంలో, మరొకరి బొమ్మలతో ప్రచురితమైంది.

ముఖ్య రచనలు

* పీటర్ రాబిట్ కథ (1902)
* స్క్విరెల్ నట్‌కిన్ కథ (1903)
* గ్లౌస్టర్ దర్జీ (1903)
* బెంజమిన్ బన్నీ కథ (1904)
* మిసెస్ టిగీ-వింకిల్ కథ (1905)
* జెరెమీ ఫిషర్ కథ (1906)
* టామ్ కిటెన్ కథ (1907)
* జెమీమా పడల్-డక్ కథ (1908)
* సామ్యూల్ విస్కర్స్ కథ (1908)
* జింజర్ అండ్ పికిల్స్ కథ (1909)
* మిస్టర్ టాడ్ కథ (1912)
* పిగ్లింగ్ బ్లాండ్ కథ (1913)
* జానీ టౌన్-మౌస్ కథ (1918)
* ది ఫెయిరీ కారవాన్ (1929)
* లిటిల్ పిగ్ రాబిన్సన్ కథ (1930)